చెడ్డ ముచ్చట ముందు

మా ఇంట్లో చెడ్డ ముచ్చట ముందు చెప్పడం ఆచారం. అది తప్పితే మా బాపుకు, అంటే నాన్నకు, కోపం వచ్చేది. కాబట్టి ఈ జ్ఞాపకంలోని చెడ్డ సంగతులు ముందే చెప్పేస్తాను. చిన్నప్పుడు నేను చేసిన పొయ్యికి జిల్లాలో షీల్డు వచ్చింది గానీ నాకు రాలేదు. ఆ పొయ్యి వల్ల మా పక్కింటి పోశవ్వకు మాట పోయింది. ఇన్నేళ్ళ తర్వాత మొన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అదే తప్పు నా కళ్ళ ముందే మళ్ళీ జరిగింది. మంచి సంగతులేమైనా ఉంటే మీరే ఏరుకోండి.

ఆ కాలేజీ పెద్దపల్లి దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది. ఆఖరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టులకు మార్కులు వేయడానికి బయటి నుంచి ఒకరు కావాలని, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన నన్ను పిలిచారు. ఏసీ హాలు, గోడంత తెర, మెడలో టైలు కట్టుకున్న పిల్లలు. ఒక్కో జట్టు రావడం, 'గుడ్ మార్నింగ్ వన్ అండ్ ఆల్' అనడం, హైదరాబాద్‌లో కొనుక్కొచ్చిన పెట్టెను బల్ల మీద పెట్టి దాని గొప్పలు చదవడం. లోపల ఏముంది నాయనా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం. పొద్దుటి నుంచి విన్నాను గానీ ఒక్కరి నోటి నుంచైనా 'ఇది ఇక్కడ పనిచేయదండీ' అనే మాట రాలేదు. దేవుడు చేసిన మనిషికే ఇన్ని లోపాలుంటే వీళ్ళు చేసిన వస్తువులకు ఒక్కటీ లేకపోవడం ఏమిటో! మధ్యాహ్నం అన్నాలయ్యాక శిరీష అనే అమ్మాయి వచ్చింది. నస్పూర్ నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుందట. వంటింట్లో గ్యాస్ కారితే మోగే గంట చేసింది. సొంత చేతులతో చేసిందని వైర్లకు చుట్టిన టేపు చూస్తేనే తెలుస్తోంది. నమస్కారం పెట్టి, "మేడం, కరెంటు పోతే ఇది మోగది. అది ముందుగాల చెప్పాలె" అంది.

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అంతలో నా పక్కనున్న ట్రైనర్ చెయ్యెత్తి ఆపాడు. పిల్లలకు నలుగురిలో మాట్లాడడం నేర్పడానికి కాలేజీ వాళ్ళు పెట్టుకున్న మనిషి ఆయన. "ఆపమ్మా. నెగెటివ్‌తో ఎవరైనా మొదలుపెడతారా? ఎన్నిసార్లు చెప్పాను? ముందు ప్లస్ పాయింట్లు. ఆ స్లైడు తీసెయ్. ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకుందాం" అన్నాడు. పిల్ల తల వంచుకుని తీసేసింది. తర్వాత చదివింది బాగానే చదివింది గానీ గొంతులో జీవం లేదు. ఆయన తన కాగితం మీద, మాట్లాడే తీరుకు, ఆ పిల్లకే అందరికంటే తక్కువ మార్కులు వేశాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఆ హాల్లో పుట్టింది కాదు, గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు నేను లంగా జాకెట్టు వేసుకునే రోజుల్లో అంటుకున్నది.

బాపు బొగ్గుబాయిలో, అంటే గనిలో, సర్దార్. ఒక షిఫ్టు మనుషులందరి ప్రాణాలకు కావలి అన్నమాట. షిఫ్టు మారేటప్పుడు పైకెక్కే సర్దార్, కొత్తగా దిగిన సర్దార్‌కు పనిచోటును నోటి మాటతో అప్పగించాలి. ఎక్కడ పైకప్పును కర్రతో కొడితే డొల్ల చప్పుడు వచ్చింది, ఎక్కడ నీళ్ళు దిగుతున్నాయి, ఏ మూల గాలి చెడ్డది. చెడ్డదే ముందు. బాగున్న చోటు గురించి చెప్పేదేముంది, అది మనిషిని చంపదు కదా. విన్నవాడు విన్నదంతా తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పేదాకా చెప్పినవాడు పైకి కదలకూడదు. అది కంపెనీ రూలో, పాతవాళ్ళ నుంచి వచ్చిన అలవాటో నాకు తెలియదు గానీ మా ఇంట్లో అది శాసనమై కూర్చుంది. బాపు డ్యూటీ నుంచి వచ్చి గడపలో బూట్లు విప్పుతుండగానే అమ్మ మొదలుపెట్టేది. "చిన్నోనికి జ్వరం కాస్తాంది. బియ్యంల పురుగు వడ్డది. బిందె చిల్లు వడ్డది." అవన్నీ బాపు తిరిగి అప్పజెప్పి, తువ్వాలతో ముఖం తుడుచుకుని పీట మీద కూర్చున్నాక, "ఆఁ, మీ అన్న అచ్చిండు, కోడిని కోసిన" అనేది. ఆ అన్న, అంటే మా పెద్దబాపు, జైపూర్ నుంచి వచ్చి అంతసేపూ లోపల మంచం మీదే కూర్చుని ఉండేవాడు. మా అక్కను చూడ్డానికి వచ్చినవాళ్ళకు బాపు చాయ గ్లాసులు అందించి, "మా బిడ్డకు కోపం జర ఎక్కువ. సూది బెజ్జం కనబడది, అద్దాలు కావాలె. ఇగ మీరు అడుగుండ్రి" అన్నాడు. అమ్మ తల కొట్టుకుంది. ఆ సంబంధం కుదిరింది, వాళ్ళూ బాయి మనుషులే కాబట్టి. వాళ్ళు కూడా పిలగానికి రేచీకటి అని ముందే చెప్పారు.

ఇక పొగ. సాయంత్రం కాగానే మా క్వార్టర్ల లైన్లలోని ఆడవాళ్ళందరూ బొగ్గుల పొయ్యిలు ఎత్తుకొచ్చి వాకిళ్ళలో పెట్టేవాళ్ళు. పాత బకెట్‌కు కింద కిటికీ కోసి, మధ్యలో ఇనుప చువ్వలు దూర్చి, లోపల మట్టి మెత్తితే అదే పొయ్యి. అడుగున పిడకముక్క, చిన్న పుల్లలు, పైన బొగ్గు. అది రాజుకునేదాకా లైను లైనంతా పచ్చటి పొగ. కళ్ళు మండేవి, ఆరేసిన బట్టలు మళ్ళీ వాసన పట్టేవి, ఎదురింటి మనిషి కనబడేది కాదు. ఆ పొగలోంచి కూడా వినబడే గొంతు మా పక్కింటి పోశవ్వది. ఆమె కొడుకు రాజంది బాయిలోనే పని. మొగుణ్ణి కూడా అదే బాయి తిన్నది. షిఫ్టు వదిలిన సైరన్ మోగగానే పోశవ్వ గడపలోకి వచ్చి, ఇంటికి పోతున్న ప్రతి మనిషినీ, "మా రాజం పైకెక్కిండా?" అని అడిగేది. ఆ కేక నాలుగు లైన్ల అవతలికి వినబడేది. "ఎక్కిండవ్వా, ఎనుక అస్తాండు" అని ఎవరో ఒకరు అనేదాకా ఆమె ఊరుకోదు. అన్నాక మాత్రం మమ్మల్ని కూర్చోబెట్టుకుని ముచ్చట్లు చెప్పేది. నేను దాదాపు ఆమె ఒడిలోనే పెరిగాను. సాయంత్రం పొగలో ఆమె దగ్గు మొదలైతే ఆగేది కాదు, నాకది విని ఏడుపొచ్చేది. ఆ దగ్గు కోసమే నేను పొయ్యి గురించి ఆలోచించాను, షీల్డు కోసం కాదు.

కానీ షీల్డుకు మించిన ఆశ ఇంకొకటి ఉండేది, దాచడమెందుకు. మా హైస్కూల్లో తొమ్మిదిలోకి వెళ్ళేటప్పుడు పిల్లల్ని రెండుగా విడగొట్టేవాళ్ళు. కాంపోజిట్ లెక్కలు తీసుకున్నవాళ్ళు ముందుముందు ఇంజనీరింగ్ వైపు పోవచ్చు. జనరల్ లెక్కల వాళ్ళకు ఆ తలుపు మూసుకున్నట్టే. ఆడపిల్లలందర్నీ అడగకుండానే జనరల్‌లో వేసేవాళ్ళు. ఆ ఏడు హెడ్మాస్టరు, సైన్సు ఎగ్జిబిషన్‌లో గెలిచినవాళ్ళు ఆడైనా మగైనా కాంపోజిట్‌లో కూర్చోవచ్చని ప్రార్థన దగ్గర అన్నాడు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు. డాల్డా డబ్బాలు కోసి, చుట్టి, ఒకదానిలో ఒకటి దూర్చి పొడుగు గొట్టం చేశాను. దాని అడుగున పొయ్యి మూతిని కప్పే తొడుగు. రాజేసేటప్పుడు గొట్టం బోర్లిస్తే పొగ చూరు పైనుంచి పోతుంది, గాలి కిందినుంచి గుంజి బొగ్గు జల్దీ అంటుకుంటుంది. అంటుకున్నాక గొట్టం తీసి పొయ్యిని ఇంట్లోకి తెచ్చుకోవచ్చు. పోశవ్వ వాకిట్లోనే మొదటిసారి పెట్టి చూశాం. ఆమె దగ్గలేదు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నా తల్లీ, నా కండ్లకు వెలుగిచ్చినవ్" అంది.

బాపు దాన్ని చుట్టూ తిరిగి చూశాడు. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. "పొగ కనబడ్తలేదు గద. ఇగ అడుగున పచ్చి బొగ్గు ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది? అంటుకున్నదనుకోని జల్ది లోపటికి తెస్తరు. ముసురు వట్టిన దినం తలుపు పెట్టుకుంటరు. వాసన లేని గాలి బిడ్డా, నిద్ర పట్టినట్టే ఉంటది" అన్నాడు. నేను చాలా ప్రయత్నించాను గానీ ఆ లోపాన్ని సరిదిద్దే ఉపాయం నాకు తట్టలేదు. బాపుకూ తట్టలేదు. "తట్టకుంటే చెప్పు. చెప్పుడే మందు" అన్నాడు.

మా సైన్సు సారు కూడా మా దిక్కు మనిషే. హన్మకొండలో చదివి, భాషను ఇస్త్రీ చేసుకుని తిరిగొచ్చాడు. నా పొయ్యికి మురిసిపోయి, ఎగ్జిబిషన్‌లో చెప్పడానికి ఉపన్యాసం తనే తయారు చేశాడు. 'సభాసదులకు నమస్సుమాంజలి. గృహిణుల నయనములను ధూమబాధ నుండి విముక్తము చేయు' అంటూ సాగేది. రోజూ స్కూలు వదిలాక నిలబెట్టి వల్లెవేయించేవాడు. ఇందులో చెడ్డ ముచ్చట లేదు సార్ అన్నాను. వివరించాను. విన్నాడు కూడా. విని, "సరోజనా, నువ్వు వస్తువును పరిచయం చేస్తున్నావా, పాడె కడుతున్నావా? ఆ మాట ఎత్తకు" అన్నాడు. చివర్లోనైనా చెప్తానన్నాను. వద్దన్నాడు. ఆ వయసులో సారు వద్దంటే వద్దనే. అయినా మా ఇంట్లో పెరిగిన నోరు, అది మాత్రం ఎక్కడికి పోతుంది?

ఎగ్జిబిషన్ రోజు ముఖ్య అతిథిగా ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. నా బల్ల ముందు ఆగి, చెప్పమ్మా అన్నాడు. నమస్సుమాంజలి గొంతు దాకా వచ్చింది. వచ్చింది గానీ బయటికి మాత్రం, "ఈ పొయ్యిని తలుపులు మూసిన ఇంట్ల పెడితే మనుషులు సచ్చిపోతరు" అని వచ్చింది. తర్వాత ఆఫీసరు, "మరి బహుమతి ఎవరికివ్వాలమ్మా, నీకా, యముడికా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. హెడ్మాస్టరు నవ్వాడు, పంతులమ్మలు నవ్వారు, నవ్వమని చెప్పినట్టే పిల్లలూ నవ్వారు. పొగ కనబడదు గానీ విషగాలి ఉంటది, కిటికీ తెరిచి పెట్టాలె అని నేను చెప్తూనే ఉన్నాను. ఆ నవ్వులో ఎవరికి వినబడిందో నాకు తెలియదు. నాకు ఏడుపు రాలేదు. ఇంతమంది పెద్దవాళ్ళు మనుషులు చచ్చిపోతారంటే నవ్వుతున్నారేమిటని పళ్ళు కొరుక్కున్నాను. ఆ రోజు మొదటి బహుమతి నాకు ఇవ్వలేదు, ఒక ఆనకట్ట బొమ్మకు ఇచ్చారు. దాని గేటు ఎత్తితే నీళ్ళు రాలేదు, అయినా ఆ అబ్బాయి వస్తున్నాయన్నట్టే చెప్పాడు.

అంతటితో అయిపోతే మరిచిపోయేదాన్నేమో. తీరా కరీంనగర్‌లో జిల్లా పోటీకి పంపేటప్పుడు ఆ నీళ్ళు రాని ఆనకట్టను వదిలి నా పొయ్యినే తీసుకెళ్ళారు. నన్ను మాత్రం తీసుకెళ్ళలేదు. ఎందుకు సార్ అంటే, "వస్తువు బాగుంది, నోరు బాగాలేదు" అన్నాడు సారు, ముఖం మీదే. నా వెనక బెంచీ నిర్మలకు నమస్సుమాంజలి నేర్పించి పంపారు. ఆ పిల్ల తప్పేమీ లేదు, చెప్పమన్నది చిలకలా చెప్పింది. షీల్డు వచ్చింది. బ్యాండుతో ఊరేగింపుగా స్కూలుకు తెచ్చారు. జూన్‌లో విడగొట్టినప్పుడు నిర్మల కాంపోజిట్‌లో కూర్చుంది, నేను జనరల్‌లో కూర్చున్నాను. నిర్మలకు లెక్కలంటే భయం, పాపం ఆమె కూడా ఏడ్చింది.

షీల్డు వచ్చిన పొయ్యి అని తెలిశాక లైను లైనుకూ డబ్బా గొట్టాలు లేచాయి. మా లైనులో ఇంటింటికీ వెళ్ళి నేనే చెప్పాను, బాపు తన షిఫ్టు వాళ్ళకు చెప్పాడు. పోశవ్వకు ఎన్నిసార్లు చెప్పానో. ఆమె నవ్వేది. "కరీంనగర్ల గంత పెద్ద పెద్ద సార్లు సూసి షీల్డు ఇచ్చిండ్రు బిడ్డా. సంపేదైతే ఇస్తరా? వాళ్ళకు తెల్వదా? నీకు ఉత్త భయం" అనేది. ఏమనను? నా మాటకు గొంతు ఒక్కటే ఉంది, ఆ మాటకు ఇత్తడి షీల్డు ఉంది. నా పొయ్యి నా మీదే సాక్ష్యం చెప్పింది.

వానాకాలంలో ముసురు పట్టింది. రెండో రోజో మూడో రోజో, మధ్యాహ్నం షిఫ్టు వదిలిన సైరన్ మోగింది. వానకు బడి ముందే వదిలేశారు, నేను మా వాకిట్లో తడిసిన బట్టలు పిండుతున్నాను. మనుషులు గోనెసంచులు కప్పుకుని పోతున్నారు. ఏదో తక్కువైనట్టు అనిపించింది, అదేమిటో నాకు అందలేదు. అమ్మకు అందింది. చేతిలో చాట పడేసి, "పోశవ్వ అడుగుతలేదేందే!" అంటూ పరుగెత్తింది. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. దారిన పోయే ఇద్దరు కలిసి భుజాలతో గుద్ది తెరిచారు. పొయ్యి గది మధ్యలో ఉంది. పైన ఎర్రగా, ముచ్చటగా, చుక్క పొగ లేకుండా ఉంది. పోశవ్వ దాని ఎదురుగా గోడకు చేరగిలబడి ఉంది, చలి కాచుకుంటూ కునికినట్టు. దవాఖానకు మోసుకెళ్ళారు. బతికింది. బతికింది గానీ మాట రాలేదు. చేతులు వణికేవి, నన్ను చూసి నవ్వేది, ముచ్చట్లన్నీ ఎక్కడికో పోయాయి. ఆ తర్వాత కూడా సైరన్ మోగగానే గడపలోకి వచ్చి నిలబడేది. పెదవులు కదిలేవి. ఇంటికి పోయేవాళ్ళు ఆ పెదవులు చూసే, "ఎక్కిండవ్వా" అని చెప్పి పోయేవాళ్ళు.

బాపు మరునాడు డ్యూటీ అయ్యాక ఇంటికి రాలేదు, బొగ్గు ముఖంతోనే స్కూలుకు వచ్చాడు. నన్ను క్లాసులోంచి పిలిచి, చెయ్యి పట్టుకుని సార్ల గదిలోకి తీసుకెళ్ళాడు. సైన్సు సారు లేచి నిలబడి, చాలా దురదృష్టం అన్నాడు. బాపు గొంతు పెంచలేదు. "సారూ, ఆ దినం నా బిడ్డ ఏమన్నదో మీ నోటితోని ఒక్కసారి చెప్పుండ్రి. మా బాయిల గంతే. ఇన్నోడు అప్పజెప్పెదాక చెప్పినోడు కదలడు. నేను కదల" అన్నాడు. సారు అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకుని, "గాలి ప్రసరణ లేని గదులలో సదరు పొయ్యిని వినియోగించుట అపాయకరము" అన్నాడు. బాపు తల అడ్డంగా ఊపాడు. "గట్ల చెప్తే మా పోశవ్వకు సమజ్ కాదు. నా బిడ్డ ఎట్లన్నదో గట్ల." చివరికి సారు, ఇస్త్రీ మడతలన్నీ నలిగిపోయిన గొంతుతో, "తలుపులు మూసిన ఇంట్ల పెడితే సచ్చిపోతరు" అన్నాడు. "దండం సారూ" అని బాపు నన్ను క్లాసులో దింపి వెళ్ళిపోయాడు.

మర్నాడు సారు ప్రార్థన దగ్గర ఆ మాటే చెప్పి, లైన్ల వెంట పిల్లల్ని పంపి ఇంటింటికీ చెప్పించాడు. ఆ మేరకు ఆయన మనిషే. కానీ నన్ను కాంపోజిట్‌లోకి మార్చారా అంటే, మార్చలేదు. లిస్టు పైకి పోయిందన్నారు. నేను తర్వాత ఆ లెక్కలు ప్రైవేటుగా కట్టి, నానా చాకిరీ చేసి పాలిటెక్నిక్‌లో అడుగుపెట్టడం వేరే కథ. అందులో ఎవరి దయా లేదు కాబట్టి దాన్ని చెప్పడం నాకిష్టమే, కానీ ఇక్కడ అది అనవసరం. షీల్డు మాత్రం హెడ్మాస్టరు గది అలమరలో ఉండిపోయింది. నేను ఆ స్కూలు వదిలేనాటికి కూడా దాన్ని ఎవరో వారం వారం తుడిచేవాళ్ళు.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని నన్ను అడుగుతారు. బొగ్గుల పొయ్యిలు పోయాయి, వాకిళ్ళలో పొగ పోయింది, ఆడపిల్లలు ఇంజనీరింగ్ హాళ్ళ నిండా ఉన్నారు. సంతోషమే. కానీ అప్పుడు మా సారుకు వాక్యం ఒక్కటి తీసేయడానికి సిగ్గైనా ఉండేది, స్కూలు వదిలాక నాకొక్కదానికే చెప్పాడు. ఇప్పుడు దాన్ని తీసేయడమే ఒక విద్య అయింది, దానికి శిక్షణ ఇస్తున్నారు, సర్టిఫికెట్లు ఇస్తున్నారు. ప్రాజెక్టు బాగుపడడమంటే లోపం పోవడమని మేం అనుకున్నాం. వీళ్ళకు లోపం కనబడకుండా పోతే చాలు. మాట్లాడడం నేర్పుతున్నామంటారు, వినడం ఎవరు నేర్పుతున్నారు? కరెంటు రోజుకెన్నిసార్లు పోతుందో తెలిసిన పిల్ల, తన గంట కొన్నవాళ్ళు దాన్ని నమ్ముకుని నిద్రపోతారని భయపడి, ముందు అదే చెప్పింది. అంతకంటే మంచి ఇంజనీరును నేను నా సర్వీసులో చూడలేదు.

మిగతా పిల్లలందరి మార్కుల కాగితాల మీదా సంతకం పెట్టాను. శిరీషది మాత్రం పెట్టలేదు. బయటికొచ్చి చూస్తే ఆ పిల్ల మెట్ల దగ్గర గంటను సంచిలో సర్దుకుంటోంది. అట్లా చెప్పమని నీకు ఎవరు నేర్పారమ్మా అని అడిగాను. "మా బాపు బాయిల సర్దార్ మేడం. ఇంట్ల గట్లనే అలవాటైంది. మార్కులు తక్కువొస్తే ఫస్టు క్లాసు పోతది, కొలువుకు పిలువరు" అంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ గొంతులో తప్పు చేసినదాని వణుకు లేదు.

కాలేజీ వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. నిన్న ఆ ట్రైనరే చేశాడు. సంతకం ఒక్కటే ఆగిపోయింది మేడం, రిజల్టు ఆలస్యమవుతోంది, మీకేం కావాలో చెప్పండి అన్నాడు, చాలా మర్యాదగా, చాలా చక్కటి గొంతుతో. నాకేమీ వద్దు, ఆ రోజు ఆ పిల్ల మొదట అన్న మాటను మీరొకసారి తిరిగి అప్పజెప్పండి, తర్వాత మార్కుల సంగతి మాట్లాడుకుందాం అన్నాను.

"తప్పకుండా మేడం," అన్నాడు ఆయన. "ఇంతకూ ఏమంది?"